మోరెనికె రక్తం

ఇఫే యూనివర్సిటీలోని మా ల్యాబ్‌లో గ్బోయెగా అన్ని పనులూ చేస్తాడు, సూది మాత్రం ముట్టుకోడు. రక్తమంటే భయం కాబోలని కొత్తగా చేరినవాళ్లు వెనక నవ్వుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు రక్తం తీయడంలో యూనివర్సిటీ మొత్తంలో అంత తేలికైన చెయ్యి మరొకటి లేదు.

మా ఊళ్లో అందరూ పళ్లు తోముకునే పుల్లలిచ్చే చెట్టు ఒకటుంది. అప్పట్లో మా పరిశోధనంతా దాని వేరు మీదే. గ్బోయెగా ఆ వేరును దంచి, స్పిరిట్‌లో నానబెట్టి, సన్నసెగ మీద ఇగిర్చి, జిగురులాంటి సారం తీసేవాడు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ల రక్తకణాలు ఆక్సిజన్ తగ్గితే కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇక ఒళ్లంతా నరకమే. ఆ కణాల మీద సారం చుక్క వేస్తే మళ్లీ గుండ్రంగా విచ్చుకునేవి. కాకపోతే అదంతా గాజు పలక మీదే.

రక్తం అతని అక్క మోరెనికెది. ఆ జబ్బుతోనే పుట్టిన మనిషి, మా గేటు దగ్గర అకారా వడలు అమ్మేది. తను బడి మొహం చూడకపోయినా తన రక్తం వారం వారం యూనివర్సిటీకి వెళ్తోందని కొనేవాళ్ల దగ్గర గొప్పలు పోయేది.

మాకొక కొరత ఉండేది. నొప్పి ముదిరినప్పుడు తీసిన రక్తంలోనే వంగిన కణాలు దండిగా ఉంటాయి. అలాంటప్పుడు ల్యాబ్‌కి ఎవరొస్తారు? హర్మటాన్ చలిగాలి మొదలైన ఒక ఉదయం, తమ్ముడు ఆసుపత్రికి తీసుకెళ్తాడని మోరెనికె నొప్పితో గోడ పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. గ్బోయెగా ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్క నిమిషం ఓర్చుకోమని, ముందు రక్తం తీశాడు. గొట్టం నా చేతిలో పెట్టాకే ఆమెను మోసుకెళ్లాడు.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి నర్సుకు నరం దొరకలేదు. ఏళ్ల తరబడి సూదులు దిగిన చేతుల్లో మిగిలిన మంచి నరం ఒక్కటే. తొందరలో గ్బోయెగా గుచ్చినచోట అది కాస్తా నల్లగా ఉబ్బిపోయింది. చివరికి పాదంలో నరం దొరికేదాకా ఆమె అరుస్తూనే ఉంది, అతను తలుపు అవతల వింటూనే ఉన్నాడు. రక్తం అందక తుంటి ఎముక పాడైంది. ఆలస్యం కాకపోయినా అలాగే జరిగేదని డాక్టరు చెప్పాడు. గ్బోయెగా నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

వారం తర్వాత నేను పెప్పర్ సూప్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి అతను మంచం పక్కన తల దించుకుని ఉన్నాడు.

"ముందు నిన్నిక్కడికి తేవాల్సిందక్కా. తప్పు చేశాను" అన్నాడు.

మోరెనికె సూప్ రెండు గుక్కలు తాగింది. "కణాలు విచ్చుకున్నాయా?"

"విచ్చుకున్నాయి."

"పోన్లే, ఎవరో ఒకరికి పనికొస్తాయి. సూది గుచ్చినందుకు నాకేం కోపం లేదురా. అడిగుంటే నేనే చెయ్యి చాపేదాన్ని." గిన్నె పక్కన పెట్టింది. "కానీ ఆ వేళ నేను గోడ పట్టుకుని వస్తుంటే, నన్ను చూసి నీ మొహం వెలిగిపోయిందిరా. అది చూశాను."