చూపించని రెండు ముక్కలు

శుక్రవారం ఉదయం పత్రిక చదువుతుండగా ఫోన్ మోగింది. పోర్టులో క్రేన్ నడిపి పదవీ విరమణ చేసిన మా మిత్రుడు.

“మేస్టారూ, బావ ఎల్లిపోనాడండి. నమాజుకని లేచినాడంట. కూకున్నోడు కూకున్నట్టే...”

ఆయన బావ అన్నది, వన్ టౌన్‌లో మా వీధి మలుపున నలభై ఏళ్ళు కుట్టు దుకాణం నడిపిన దర్జీ గారిని. ఇద్దరికీ చుట్టరికం లేదు. పిలుపు మాత్రం అదే.

దర్జీ గారు కుట్టిన చొక్కాలు ఊళ్ళో ఎందరో తొడుక్కున్నారు. ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు వ్యాకరణం బోధించిన నాకు, అరవై ఆరో ఏట ఆయన పోకర్ నేర్పారు.

మధ్యాహ్న భోజనాలయ్యాక దుకాణం తలుపు సగం దించి, బట్టలు కత్తిరించే బల్ల మీద ఆరుగురం రమ్మీ ఆడేవాళ్ళం. ఒకరు ద్వారకా నగర్‌కు ఇల్లు మారారు. ఒకరికి చూపు మందగించింది. మరొకరు పద్మనాభంలో పొలం చూసుకోవడానికి వెళ్ళిపోయారు. చివరకు దర్జీ గారు, క్రేన్ మిత్రుడు, నేను మిగిలాం.

“ముగ్గురికి రమ్మీ సప్పగా ఉంటాదండి. పోకర్ సెప్తాను, సూడండి,” అన్నారు దర్జీ గారు. ఓడల మీద పనిచేసేవారికి యూనిఫారాలు కుట్టే రోజుల్లో ఆయన వాళ్ళ దగ్గర ఆ ఆట నేర్చుకున్నారు. క్రేన్ మిత్రుడికి పోర్టులో ఉన్నప్పుడే అది వచ్చు.

డబ్బు పెట్టే ఆటైతే నేను కూర్చోనన్నాను. ఆయన నవ్వి, బొత్తాల డబ్బా బల్ల మీద కుమ్మరించారు. మా పందేలన్నీ చొక్కా బొత్తాలతోనే. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, ఎదుటివారికి కనబడకుండా. మధ్యలో అందరికీ కలిపి అయిదు. ఆ ఏడింటిలో మేలైన అయిదు ఎవరివో వారిది గెలుపు. చేతిలో ఏమీ లేకపోయినా, బొత్తాలు పెంచి ఎదుటివారిని బెదరగొట్టి తప్పించవచ్చు.

ఆయన ఒక పద్ధతి పెట్టారు. నేను తప్పుకున్న ప్రతిసారీ, ఆట ముగియగానే తన ముక్కలు తిప్పి నాకు చూపించేవారు. నేను భయపడింది నిజానికా, బుకాయింపుకా అన్నది నాకు తెలియాలని. పసివాడికి పలక మీద దిద్దించినట్లు ఉండేది నాకు. ఆయన నాకు ముక్కలు చూపించడం మానే రోజు రావాలి, నన్ను కూడా ఆటగాడిగా లెక్కించాలి. నా పట్టుదలంతా దాని మీదే.

మొదట్లో నేను మంచి ముక్కల కోసం కాచుకుని కూర్చునేవాణ్ణి. ప్రతి ఆటకూ ఇద్దరు ముందుగానే బొత్తాలు పెట్టాలి. ముగ్గురమే కనుక ఆ వంతు వెంటవెంటనే వచ్చేది. నా కుప్ప కూర్చున్నచోటే కరిగిపోయేది.

“పదిమంది ఉంటే ఆగొచ్చండి. ముగ్గురిలో ఒక్క రాజొచ్చినా అడుగెయ్యాల. ఉన్న గుడ్డతోనే కదండీ కుట్టాల,” అనేవారు.

అడుగు వేయడం మొదలుపెట్టాను. అయినా ఓడుతూనే ఉన్నాను. కారణం నెల రోజులకు తెలిసింది. ఒకనాడు ఆట అయ్యాక దర్జీ గారు బల్ల మీద నా కుడిచేతి వైపు చూపించారు. అక్కడి సుద్దపొడిలో టిక్కులున్నాయి, వరుసగా. మంచి ముక్కలు రాగానే నా చూపుడు వేలు తనంతట తానే, జవాబు పత్రం దిద్దినట్లు, ఒప్పు గీత గీస్తోందట!

“అదెందుకు సెప్పేసినావు బావా?” అని క్రేన్ మిత్రుడు నెత్తి కొట్టుకున్నారు. “నెల్లాళ్ళు నాకు అన్నం పెట్టింది ఆ టిక్కే!”

“ఆయన ముక్కలు సూసేసి గెలిస్తే ఏటి గొప్ప?” అన్నారు దర్జీ గారు.

సిగ్గుతో నాలుగు రోజులు అటు వెళ్ళలేదు. అయిదో రోజు దర్జీ గారే మోకాళ్ళ నొప్పులతో మా మూడో అంతస్తు ఎక్కి వచ్చారు. మంచినీళ్ళు తాగి, “ఇద్దరం ఆడలేమండి. నడండి,” అన్నారు. ఆ విషయం ఎత్తనేలేదు. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆడటం నేర్చుకున్నాను.

పోయిన నెల నుంచి ఆయనకు ఆయాసం ఎక్కువైంది. అయినా దుకాణం తెరిచేవారు. చివరిసారి కూర్చున్న రోజున బల్ల మీది ముక్కలతో కలిపి నాకు రాజుల జత, పదుల జత కుదిరాయి. క్రేన్ మిత్రుడు ముందే తప్పుకున్నారు. దర్జీ గారు కాసేపు నా ముఖం చూసి, తన బొత్తాలన్నీ ముందుకు నెట్టారు. నేను చాలాసేపు ఆలోచించాను. ఆయన ముఖంలో ఏమీ దొరకలేదు. ముక్కలు పడేశాను. అలవాటు చొప్పున ఆయన తిప్పి చూపిస్తారని ఎదురుచూశాను. ఆయన తిప్పలేదు.

“చూపించరా?”

“సూపించనండి. ఇన్నాళ్ళూ నేర్సుకునే మనిషని సూపించినాను.”

“అయిపోనారు మేస్టారూ! ఇంక మీరూ మాలాగే నిద్ర పాడుసేసుకోవాల,” అని క్రేన్ మిత్రుడు పకపకా నవ్వారు.

ఆ సాయంత్రం నేను ఎంత గర్వంగా ఇంటికి నడిచానో ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి దుకాణం తెరుచుకోలేదు. పది రోజులకు ఈ కబురు.

ఖననం ముగిసి వస్తుంటే క్రేన్ మిత్రుడు నెమ్మదిగా అడిగారు: “ఆ రోజు బావ కాడ ఏటున్నాదంటారు?”

తెలియదన్నాను. నాకు కనబడుతున్నది ఆయన చెయ్యి ఒక్కటే. సూది పోట్లతో మొద్దుబారిన ఆ బొటనవేలు రెండు ముక్కలను, బోర్లా ఉన్నవాటిని ఉన్నట్లుగానే, కట్ట మధ్యలోకి నెట్టింది. ఆపైన మడతపెట్టిన చొక్కా అంచులు సరిచేసినట్లు, నాలుగు వైపులా సమంగా సర్దింది.