ముక్కు ముందు ఆగిన బస్తా

మా బడి ల్యాబులో గిలకకు ఆముదం రాసినప్పుడల్లా ఆ జిగట వాసనతో పాటు నాకు కోపం కూడా వస్తుంది. గ్రీజు వాడమని తోటి టీచర్లు చెబుతారు, నేను వినను. మా నాయన ఆముదమే వాడేవాడు. సినిమా ఫైట్లలో మనుషుల్ని గాల్లో ఊపే తాళ్లు కట్టడం ఆయన పని. ఫిలింనగర్ బస్తీలో మా రెండు గదుల ఇంట్లో బట్టల కంటే తాళ్లే ఎక్కువ. వానాకాలం అవి తడిసి ముక్కిపోయిన వాసన, ఎండాకాలం గిలకల నుంచి ఆముదం వాసన, ఏ కాలమైనా అన్నంలో తగిలే కొబ్బరి పీచు, అన్నీ కలిపితే మా ఇల్లు.

అప్పట్లో జూబ్లీ హిల్స్‌లో బంగళాల కంటే బండరాళ్లే ఎక్కువ. చెక్కకు పాత బేరింగులు బిగించి, చెవులు చిల్లులు పడేలా చప్పుడు చేసుకుంటూ ఏటవాలు రోడ్ల మీద జారేవాళ్లం, రాళ్ల సందుల్లో కాసిన సీతాఫలాలు కోసి బియ్యం డబ్బాలో మాగేసేవాళ్లం, కార్ల అద్దాల్లోంచి మమ్మల్ని చూసే పిల్లలకు నాలుక చూపించేవాళ్లం. పల్లంలోకి దూసుకొచ్చిన బండి ఎదుటి మిట్టను మొత్తం ఎందుకు ఎక్కదని అడిగితే, నాయన దూలానికి ఇసుక బస్తా వేలాడదీసి, నన్ను గోడకు ఆనించి, బస్తాను నా ముక్కుకు తాకించి పట్టుకున్నాడు.

"ఎంత ఎత్తు నుంచి ఇడుస్తమో గంత ఎత్తుకే వస్తది బిడ్డా. ఎంట్రుకంత గూడ ఎక్కువ రాదు. ఇడువాలె గనీ నెట్టొద్దు."

బస్తా కిందికి పోతూ వేగం పుంజుకుని, ఆ వేగాన్నంతా పెట్టి అవతల పైకెక్కి, క్షణం నిలిచి, మళ్లీ నా మీదికి దూసుకొచ్చి ముక్కుకు వేలెడు దూరంలో ఆగింది. గాలి కొంత తినేస్తుంది కాబట్టి ఊగినకొద్దీ ఎత్తు తగ్గేదే తప్ప పెరిగేది కాదు. యాంత్రిక శక్తి నిత్యత్వం అని తర్వాత పుస్తకంలో చదివాను. నాకు మాత్రం అది ముక్కుతో వచ్చిన చదువు.

యూసుఫ్‌గూడలో ఉండే ఫైటరు యాదన్న మాకు ఇంటిమనిషి. సద్దుల బతుకమ్మనాడు అమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు ఆయన కోసం విడిగా తీసిపెట్టేది. ఆయన్ని ఊపే ముందు నాయన అంతే బరువున్న బస్తాను వదిలి, అది ఎక్కడిదాకా లేచిందో గోడ మీద సుద్దతో గీత గీసేవాడు. ఆ గీత చూడకుండా యాదన్న తాడు పట్టుకునేవాడు కాదు.

నా ఆరో తరగతి దసరా సెలవుల్లో నాయన నన్ను సెట్టుకు తీసుకెళ్లాడు. ఆ రోజు బస్తా గీత అవతలి దూలానికి రెండు జానల కింద పడింది. ఊపు చాల్లేదని నిర్మాత కొడుకు యాదన్న నిలబడ్డ మంచె మెట్లెక్కి, నాయన "వద్దు సార్" అంటుండగానే, యాదన్నను వెనకనుంచి రెండు చేతులతో బలంగా నెట్టాడు. యాదన్న గీత దాటి పైకి పోయాడు. మోకాలు దూలానికి తగిలి పగిలింది.

"తాడు ఎలా కట్టావయ్యా?" అని మేనేజర్ నాయన మీదికి వచ్చాడు. నేల మీద మూలుగుతున్న యాదన్న నిర్మాత కొడుకు ముఖం చూసి, "తాడే పొడుగైంది సార్" అన్నాడు. మా అమ్మ మలీద తిన్న నోరు అది. సెట్టు నిండా చూసిన మనుషులే, అందరూ లైట్లు సర్దే పనిలో పడ్డారు. "గా సారే నెట్టిండు!" అని నేను అరిస్తే ఎవరో నా నోరు మూశారు.

నాయన అదే తాడుకు బస్తా కట్టి, గోడకు ఆనుకుని, ముక్కుకు తాకించి వదిలాడు. రెప్ప కూడా వేయలేదు. బస్తా వచ్చి ముక్కు ముందు ఆగింది.

"చూసిండ్రా సార్? దానంతటది ఎక్కువ రాదు."

"సర్కసు ఆపి సామాను సర్దుకోవయ్యా" అన్నాడు మేనేజర్.

మళ్లీ ఏ సినిమా వాళ్లూ ఆయన్ని పిలవలేదు. టోలిచౌకిలో వాచ్‌మన్‌గా ముసలివాడై, తాడు తప్పు కట్టినవాడనే పేరుతోనే పోయాడు. వయసు వస్తే మనసు మెత్తబడుతుందంటారు. నాకు మెత్తబడలేదు, పడనివ్వను కూడా.

ఇప్పుడు ఆ బండరాళ్లు లేవు, బేరింగు బండ్లు లేవు. మనుషుల్ని మోటార్లు లాగుతున్నాయి, గోడ మీద సుద్దగీత గీసేవాడు లేడు. యాదన్న మాత్రం ఉన్నాడు. మొన్న సైన్స్ ప్రదర్శనకు చేతికర్రతో కుంటుకుంటూ వచ్చాడు. ఆయన మనవరాలు నా తరగతిలోనే చదువుతోందని అప్పుడే తెలిసింది. నేను గిలకకు వేలాడదీసిన ఇసుక బస్తా దగ్గరికి ఆ పిల్ల తాతను తీసుకెళ్లి గోడకు నిలబెట్టి, "టీచర్, మీరు ఇడువుండ్రి" అంది.

బస్తాను ఆయన ముక్కుకు తాకించి పట్టుకున్నాను. నన్ను గుర్తుపట్టాడు. నా చేతులు నెట్టమన్నాయి. ఇన్నేళ్ల కోపం వేళ్లలోకి వచ్చి నిలబడింది. వదిలాను.

బస్తా అవతలికి పోయి తిరిగి వచ్చేలోగా ఆయన కర్ర పడేసి పక్కకు జరిగిపోయాడు. బస్తా వచ్చి, ఆయన ముక్కు ఉండాల్సిన చోటికి వేలెడు ముందే ఆగి, వెనక్కి పోయింది.

పిల్ల పకపకా నవ్వింది. "ఎందుకు జరిగినవ్ తాతా? నెట్టకుంటే తాకదు గదా! టీచర్ నెట్టలేదు గదా!"

యాదన్న నా చేతుల వైపే చూస్తున్నాడు.