గుట్టకింద స్టేషన్ ఖాజావలి

పద్మారావు నగర్‌లో పిండిగిర్ని పైనున్న హాలులో ఖాజావలి ఎవరో ఒకరి మీద అరవకుండా గడిచిన ఆదివారం లేదు. అరవడానికి కారణం చాలాసార్లు కింది నుంచే వచ్చేది. గిర్నిలో జొన్నలు పడితే తెల్లదుమ్ము, మిరపకాయలు పడితే ఎర్రదుమ్ము. ఏ దుమ్మయినా మెట్లెక్కి వచ్చి రైలు పట్టాల మీదే కూర్చునేది. చక్రాల నూనెతో కలిసి నల్లటి జిగురయ్యేది. జిగురు మీద కరెంటు పారదు. కరెంటు పారకపోతే అరచేతిలో ఇమిడే ఇంజిను నడిదారిలో ఆగిపోయి, ఎంత తిప్పలు పడినా కదలదు.

అది మోడల్ రైళ్ల క్లబ్బు. ఐదు పెద్ద బల్లలు ఒకదానికొకటి ఆనించి, వాటి మీద పట్టాలు, స్టేషన్లు, వంతెనలు కట్టుకున్నారు. ఎవరి బల్లకు వాళ్లే బాధ్యులు. చూడవచ్చినవాళ్లు "బొమ్మ రైళ్లు భలే ఉన్నయ్" అంటే మిగతా సభ్యులు నవ్వి ఊరుకునేవారు. ఖాజావలి ఊరుకునేవాడు కాదు.

"బొమ్మయితే కీ ఇచ్చి వదిలేస్తుంటి. దీనికి వారం వారం చాకిరి చేస్తున్న. బొమ్మంట!"

రాంగోపాల్‌పేట్ గల్లీలో అతనికి వైండింగ్ దుకాణం ఉండేది. కాలిపోయిన ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు అక్కడికి వచ్చేవి. పాత తీగ ఊడదీసి కొత్త రాగితీగ చుట్టడం అతని పని. ఆ పని నేర్పిన ఉస్తాద్ నోటితో ఏదీ చెప్పేవాడు కాడు. తప్పు చుట్టిన కాయిల్‌ని కత్తెరతో కోసి బుట్టలో పడేసేవాడు. తప్పెక్కడో చుట్టినవాడే వెతుక్కోవాలి. అట్లా నేర్చుకున్న మనిషికి ఒకరు చెబితే వినడం రాలేదు, ఒకరికి మెత్తగా చెప్పడం అసలే రాలేదు. గిరాకీలు అతని పనిని మెచ్చుకుంటూనే అతని నోటికి భయపడి, మోటారును గడప మీద పెట్టి వెళ్లిపోయేవారు.

క్లబ్బు సెక్రటరీ అనుపమ పళ్ల డాక్టరు. ఒకసారి ఆమె కాలిపోయిన చిన్న ఇంజిను మోటారు పట్టుకొని దుకాణానికి వచ్చింది. వేలిగోరంత మోటారు అది. ఖాజావలి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని కాల్చినోడు ఎవడు? వానికి కరెంటు ముట్టనియ్యొద్దు" అన్నాడు. కాల్చింది ఆమే. ఆ సంగతి ఆమె చెప్పలేదు. వెంట్రుక లాంటి తీగతో మోటారు చుట్టాక అది నడుస్తుందో లేదో చూడాలని హాలుకు వచ్చాడు. నడిచింది. ఆ వచ్చినవాడు మళ్లీ మానలేదు. దుకాణం అల్లుడికి అప్పగించాక మరీ ఎక్కువైంది.

"జెబా అబ్బా, ఇంట్ల బల్బు పోయి ఎన్ని దినాలాయె? ఆడ బుడ్డ స్టేషన్ల లైట్లు వెలిగిస్తున్నవట!" అనేది భార్య రేష్మా, అతన్ని కూతురి పేరుతో పిలుస్తూ.

"ఆడ లైటు పోతే బండి నిలబడ్తది. ఈడ నిలబడేదేమున్నది?"

"నేను నిలబడ్త, చీకట్ల" అనేది ఆమె.

అతని బల్ల మీద రెండున్నాయి. ఒక అంచున గుట్టకింద అనే చిన్న స్టేషన్. దాన్ని దాటితే బల్లంతా పరుచుకున్న రాతిగుట్ట. మౌలాలి గుట్టను ఎన్నోసార్లు ఎక్కి దిగి, బండ మీద బండ ఎట్లా నిలిచిందో చూసి వచ్చి, ఇనుప జాలీ మీద కాగితాలు అంటించి, పైన ప్లాస్టర్ పూసి కట్టాడు. గుట్ట కడుపులోంచి సొరంగం. అందులోంచి ఒకే ఒక లైను. ఆ లైను అవతలి చివర తిరుమల్ బల్ల, దాని మీద లష్కర్ యార్డు.

తిరుమల్ సైనిక్‌పురి మనిషి. సైన్యంలో సిగ్నల్ దళంలో సుబేదారుగా చేసి వచ్చాడు. ఇత్తడి రేకు కోసి, టంకం పెట్టి, సొంతంగా ఆవిరి ఇంజిన్లు తయారు చేసేవాడు. పనిమంతుడే. ఆ మాట ఖాజావలి లోపల ఒప్పుకునేవాడు, పైకి ఒక్కసారీ అనలేదు.

తగువు పట్టాలు తుడవడం దగ్గర వచ్చింది. ఖాజావలి స్పిరిటులో బట్ట ముంచి తుడిచేవాడు. ఒకనాడు అతను రాకముందే తిరుమల్ గరుకు ఎమరీ కాగితంతో సొరంగం మొగదాకా పట్టాలు రుద్ది తళతళలాడించాడు.

"ఏం చేసినవయా? గీతలు పడ్డయ్. ఇగ ఆ గీతల్ల దుమ్ము దూరి కూసుంటది. రైఫిల్ గొట్టం అనుకున్నవా తోమడానికి?"

"మెరుస్తున్నయ్ కదా. మెరిస్తే నీకేం తక్లీఫ్?"

"మెరుపు ఎవనికి గావాలె? కరెంటు గావాలె!"

"ఫ్యాన్లు బాగుచేసెటోనివి, నాకు కరెంటు గురించి చెప్తున్నవా?"

"నీ లెక్క సర్కార్ తిండి తిని నేర్వలే నేను."

ఆ పూటతో ఇద్దరికీ మాటలు పోయాయి. మాటలు పోతే రైళ్లు నడవవు. ఒంటిలైను మీద అవతలి స్టేషన్ ఒప్పుకోనిదే బండి వదలకూడదు. దాన్నే లైన్ క్లియర్ అంటారు. అంతకుముందు "లైన్ క్లియర్ ఇస్తవా?" అని ఒకరు, "ఇచ్చిన, రానియ్" అని ఇంకొకరు గుట్ట మీదుగా కేకేసుకునేవారు. ఇప్పుడు అడగడానికి నోరు రాదు, ఇవ్వడానికి మనసు రాదు. విసిగిపోయిన అనుపమ హోటల్ కౌంటర్ల మీద ఉండే నొక్కుడు గంటలు రెండు తెచ్చి చెరొకటి పెట్టింది.

"మాట్లాడకుండ్రి. కొట్టుకోండ్రి," అంది. "గంటలు, గంటలు."

ఎట్లా కొట్టాలో తిరుమల్ ఆమెకు చెప్పాడు. బండి పంపాలనుకున్నవాడు రెండు కొట్టాలి. ఒప్పుకున్నవాడు అవే రెండు తిరిగి కొట్టాలి. ఒప్పుకోకపోతే చప్పుడు చేయకూడదు. సైన్యంలో విన్న కబురును విన్నట్టే తిరిగి చెప్పడం పద్ధతి, అదే ఇక్కడా అన్నాడు. ఖాజావలికి అందులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దొరకనందుకు కూడా కోపం వచ్చింది.

ఇంతలో గిర్ని యజమాని, బస్తాలు వేసుకోవడానికి హాలులో కొంత భాగం వెనక్కి తీసుకుంటానన్నాడు. నాలుగు బల్లలకే జాగా మిగులుతుంది. ఒకటి పోవాలి. మూడింటి మీద మలుపులున్నాయి, అవి లేకపోతే లైను తిరగదు. ఇక మిగిలింది తిరుమల్ యార్డు, లేదా ఖాజావలి గుట్ట. స్టేషన్ ముక్కను కోసి ఇంకో బల్లకు అతికించవచ్చు. గుట్టను అతికించలేరు.

"యార్డుల బండ్లు సర్దుకుంటం. గుట్టల ఏం చేస్తం? బండి ఇట్ల పోతది, అట్ల వస్తది," అన్నాడు తిరుమల్, ఎటో చూస్తూ, అనుపమతో.

"చూసెటోళ్లు దేని ముంగట నిలబడ్తరో జెర అడుగు డాక్టరమ్మా," అన్నాడు ఖాజావలి, ఇంకోవైపు చూస్తూ, ఆమెతోనే.

"రన్నింగ్ డే నాడు చూస్త. ఏది ఆగకుంట నడిస్తే అది ఉంటది. అంతే. ఇగ నా చెవులు తినకుండ్రి," అంది అనుపమ.

రన్నింగ్ డే అంటే నలుగురినీ పిలిచి రైళ్లు నడిపి చూపించే రోజు. దానికి ముందు ఖాజావలి రోజూ వచ్చాడు. ఎండకు పట్టాలు సాగి వంకరపోకుండా అతుకుల దగ్గర సందు వదిలాడు. ఎలుక కొరికిన తీగ మార్చాడు. కొబ్బరిపీచు చెట్లకు పట్టిన బూజు కుంచెతో దులిపాడు. కర్రకు బట్ట చుట్టి సొరంగం లోపల తుడిచాడు. గుట్ట నిలవాలి. మిగతా ఏ బల్ల పోయినా అతనికి పట్టదు.

ఆ రోజు జనం బాగానే వచ్చారు. మొదటి బండి తిరుమల్ యార్డు నుంచి బయలుదేరాల్సిన గూడ్సు. అవతల గంట రెండుసార్లు మోగింది. ఖాజావలి చేయి గంట మీదకు పోయి ఆగింది.

అతని లైను ఖాళీగానే ఉంది. అయినా కొట్టలేదు. అవతల జనం యార్డు చుట్టూ నిలబడి ఉన్నారు. కాసేపు నిలబడనీ. యార్డు బండి కదలక కూర్చుందని డాక్టరమ్మ చూడనీ.

మళ్లీ రెండు మోగాయి, ఈసారి గట్టిగా. ఖాజావలి కళ్లద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు.

"అంకుల్, ఆయన గంట కొడ్తుండు," అంది పక్కన నిలబడ్డ అమ్మాయి.

"చెవులున్నయమ్మా నాకు."

అవతల ఎవరో నవ్వారు. గుట్ట మీదుగా తిరుమల్ టోపీ ఒక్కటే కనిపిస్తోంది, అది అటూ ఇటూ ఊగుతోంది. జనం ఒక్కొక్కరే యార్డు వదిలి గుట్టవైపు రావడం ఖాజావలి చూశాడు. ఇదే అదను. తన పాసింజరును సొరంగంలోకి పంపి, దీపాలతో అవతల బయటికి తీస్తే ఇక అడిగేదేముంది? గంట మీద అరచేయి వేసి రెండు కొట్టాడు.

సరిగ్గా అప్పుడే తిరుమల్ మూడోసారి రెండు కొట్టాడు. రెండు గంటలూ ఒకే కొట్లో కొన్నవి, మోత ఒక్కటే. ఒకదానిలో ఒకటి కలిసిపోయి మోగాయి. ఖాజావలి చెవికి అందింది జవాబు. తిరుమల్ చెవికి అందిందీ జవాబే.

పాసింజరు దీపాలు వెలిగించుకొని సొరంగంలోకి దూరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. గుట్ట లోపల వంటింట్లో గిన్నెల బుట్ట జారినట్టు చప్పుడైంది. ఆ వెంటనే ఖాజావలి ముక్కుకు వార్నిష్ కాలే వాసన తగిలింది. జీవితమంతా దుకాణంలో పీల్చిన వాసన అది. బండికి కరెంటు ఇచ్చే కంట్రోలరు ఆపేశాడు.

"లైన్ క్లియర్ లేకుంట బండి ఎట్ల వదిల్నవ్?" ఎన్నో నెలల తర్వాత అతను తిరుమల్‌తో అన్న మొదటి మాట అది.

"నువ్వియ్యలే? రెండు కొట్టలే?"

"నేను ఇచ్చుడేంది? నేను అడిగిన! నువ్వు ఇచ్చినవ్!"

"నేనెప్పుడిచ్చిన? నేను సుత అడిగిన! మూడుసార్లు అడిగిన, చేతకానోని లెక్క!"

అనుపమ ఇద్దరినీ చూసింది.

"అంటే ఇద్దరు అడిగిండ్రు. ఇచ్చినోడు లేడు," అంది. "ఖాజా భాయ్, మీ లైను ఖాళీగుండె కదా? మొదటిసారి ఎందుకు కొట్టలే?"

గంట విన్నాక ఖాజావలి కళ్లద్దాలు తుడుచుకోవడం పక్కనున్న అమ్మాయి చూసింది. అబద్ధం ఆడినా నిలవదు.

"ఇయ్యబుద్ధి కాలే," అన్నాడు.

బండ్లను బయటికి తీయాలి. అనుపమ ఇటు నుంచి చేయి పెట్టింది, అందలేదు. తిరుమల్ అటు నుంచి తీగ వంచి లాగాడు, రాలేదు. ఒకదాని కొక్కెం ఇంకొకదానికి చిక్కుకుంది. సొరంగం కట్టేటప్పుడు గుట్ట పైన మూత పెట్టాలి, బండి పడితే చేయి పెట్టడానికి. పని తెలిసిన ఎవరైనా పెడతారు. ఖాజావలికీ తెలుసు. కానీ ఆ మాట ముందుగా తిరుమల్ నోట వచ్చింది. అందుకని మూత లేకుండా, ఎక్కడా అతుకు కనబడకుండా, గుట్టనంతా ఒకే ముక్కగా పోసేశాడు.

"అప్పుడే చెప్పిన," అన్నాడు తిరుమల్.

"చెప్పినవ్. అందుకే పెట్టలే."

"గుట్ట కొయ్యాలె, భాయ్," అంది అనుపమ. గొంతు తగ్గించింది. "కొయ్యకుంట బండ్లు రావు. కోసినంక దాన్ని మళ్ల కట్టే జాగా మనకు లేదు. నా ఫైసలా ఇంతే. ఈ బల్ల పోతది."

అతను ఏదో అనబోయాడు. తిట్టడానికి మనిషి కావాలి, ఎవరూ దొరకలేదు. అప్పటికే తిరుమల్ రంపం తెచ్చాడు.

"ఇటియ్యి," అన్నాడు ఖాజావలి. "నీ చెయ్యి పడితే కింద తీగలు సుత తెగుతయ్. ఏడ ఏది పోయిందో నీకేం ఎరుక?"

తనే కోశాడు. పై బండ దగ్గర మొదలుపెట్టి, తీగలున్న చోటు తప్పిస్తూ, జాలీ తగిలినప్పుడల్లా ఆగి కత్తిరిస్తూ, కట్టినప్పుడు ఎంత జాగ్రత్తగా కట్టాడో అంత జాగ్రత్తగా కోశాడు. ప్లాస్టర్ పొడి గడ్డం మీద పడింది. బల్ల ఊగితే పక్క పట్టాలు ఊడతాయని తిరుమల్ వచ్చి అవతలి అంచు పట్టుకున్నాడు.

"పట్టుకొమ్మని ఎవడన్నడు?"

"నీకోసం పట్టలే. నా యార్డు ఊగుతున్నది."

మూత లేచింది. ఇంజిన్లు రెండూ ముక్కు ముక్కు ఆనించుకొని పట్టాల పక్కకు ఒరిగి ఉన్నాయి. తిరుమల్ ఇత్తడి ఇంజిను పొగగొట్టం వంగింది. ఖాజావలి ఇంజిను మోటారు నల్లబడింది. ఎవరిది వాళ్లు తీసుకున్నారు. "నా గొట్టం చూడు," అన్నాడు తిరుమల్. "చూసిన," అన్నాడు ఖాజావలి.

జనం వెళ్లాక స్టేషన్ ముక్కను కాళ్లతో సహా కోసి యార్డు పక్కకు జరిపారు. ఇక మధ్యలో గుట్ట లేదు. ఖాజావలి స్టూలు పక్కనే తిరుమల్ స్టూలు. పట్టాలు రెండూ అంచు దగ్గర కలిపి చూస్తే, స్టేషన్ పట్టా కాస్త కిందికి ఉంది.

"నీది ఎత్తుగున్నది. కాళ్లు కొయ్యి," అన్నాడు ఖాజావలి.

"నాది సీదా ఉన్నది. నీదే కుంగింది. లేపు."

ఖాజావలి సంచిలోంచి మట్టపుబద్ద తీసి ముందు యార్డు మీద పెట్టాడు. బుడగ నడిమధ్యన నిలిచింది. తన స్టేషన్ మీద పెట్టాడు. బుడగ పక్కకు పోయింది. తిరుమల్ వంగి చూశాడు.

"గచ్చు వంకర," అన్నాడు ఖాజావలి.

చెక్కముక్క ఒకటి ఏరుకొని, మోకాళ్ల మీద కూర్చొని, బల్లకాలి కింద పెట్టడానికి చీల చెక్కడం మొదలుపెట్టాడు.