మూడు వందల ముప్పై ఒక్క దెబ్బలు

మా నాయన పలకరాయి చీల్చేవాడు. మార్కాపురంలో మా వీధి వీధంతా అదే పని. గని నుంచి వచ్చిన రాయిని నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చాలు, కాగితాల కట్టలోంచి ఒక కాగితం జారినట్టు పలక విడివడి వచ్చేది. రెండో దెబ్బ వేసేవాణ్ణి చూస్తే ఆయనకు ఒళ్లు మంట. "రెండో దెబ్బ ఏసేటోడు పనోడు కాదు, రాయికి పగోడు" అనేవాడు. నా చేతిలో రాయి మూడు దెబ్బలకు గాని లొంగేది కాదు. లొంగినా ముక్కలయ్యేది. రాయికి మూడు పడితే నా వీపుకు ఆరు పడేవి. పదహారో ఏట ఆ లెక్క నచ్చక హైదరాబాదు పారిపోయాను.

అప్పుడే కొత్త రాష్ట్రం ఏర్పడింది. గోల్ఫ్ మైదానంలో ఆడేవాళ్ల సంచులు మోసే పని దొరికింది. దొరలు పోయి ఆఫీసర్లు వచ్చారు గాని సంచుల బరువేమీ తగ్గలేదు. గోల్ఫంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పొడుగాటి కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి దూరాన ఉన్న గుంతలో వేయాలి. అలాంటి గుంతలు పద్దెనిమిది. ఎవడు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాడే గెలిచినట్టు. ఖాళీ వేళల్లో నేను బంతి కొట్టే నేర్పు చూసి క్లబ్బువాళ్లు కొన్నేళ్లకు నన్ను ప్రొఫెషనల్‌ని చేశారు. ఆడటం, ఆడటం నేర్పటం, అదే ఇక నా బతుకు.

ఇరవై ఆరో ఏట మద్రాసులో నా మొదటి పెద్ద పోటీ. నాలుగు రోజుల ఆట. మొత్తం మూడు వందల ముప్పై ఒక్క దెబ్బలు కొట్టి అందరికంటే చివర నిలిచాను. అందులో ఒక దెబ్బ నేను కొట్టింది కూడా కాదు. ఆఖరి రోజు పొదల పక్కన కర్ర ఆనించగానే బంతి వడ్లగింజంత కదిలింది. ఎవరూ చూడలేదు. మా ఆటలో ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. చెప్పుకున్నాను, ఒక దెబ్బ కలిపారు. కలపకపోతే చివరి స్థానంలో నాకు ఇంకొకడు తోడుండేవాడు.

ఇక చాలు అనుకున్నాను. ఇంటికెళ్లి, నాయన కాళ్ల మీద పడి, ఉలి అడుగుదామని నిర్ణయించుకున్నాను. వస్తున్నానని కార్డు రాశాను. ఆ పదేళ్లలో రెండుసార్లు ఊరెళితే, రెండుసార్లూ ఆయన "ఎప్పుడొచ్చినావు" అన్న మాట తప్ప ఇంకొకటి మాట్లాడలేదు.

స్టేషన్లో దిగేసరికి నాయన చామంతి దండ పట్టుకొని నిలబడి ఉన్నాడు. మా నాయన నవ్వితే ఎట్లా ఉంటాడో మొదటిసారి చూశాను.

"పేపర్లో పడినావంట గదరా!"

ఊళ్లోకి వెళ్లే జట్కాలో సంగతంతా బయటపడింది. బడిపంతులు ఇంగ్లీషు పేపర్లో ఆటగాళ్ల పేర్లూ అంకెలూ చదివి, నా అంకె అందరికంటే పెద్దదని చెప్పాడట. మరి పేరు అన్నిటికంటే అడుగున ఉందేమని ఎవరో అడిగితే, "కూడికలో మొత్తం ఎప్పుడైనా అడుగునే గదా ఏస్తారు" అన్నాడట. పంతులు మీద పళ్లు నూరుకున్నాను.

"నాయనా, ఒక మాట..."

"షెడ్డు కాడ చెబుదువు గాని. అందరూ వింటారు."

పలకల షెడ్డులో పని ఆపేసి అందరూ కూర్చున్నారు. షెడ్డు సొంతదారు షావుకారు కుర్చీ వేయించుకున్నాడు. నాయన మధ్యలో నిలబడి చేతులు ఊపుతూ, "మూడు నూర్ల ముప్పై ఒక్క దెబ్బ! ఎవురి చేతా కాలేదంట!" అన్నాడు.

షావుకారు నవ్వాడు. "ఏంది పెద్దాయనా, ఇన్నేండ్లు కొడుకు పేరెత్తితే కసురుకుంటివే?"

"అప్పుడు నాకు తెలీలేదు సామీ. వాని చేతిలో పని ఉండాదని తెలీలేదు."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు కాచుకున్నానో నాకే తెలుసు. నోరు మూసుకుంటే అది నాదే. ఆ ఆట చూసినవాడు మార్కాపురంలో ఒక్కడూ లేడు. కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్లూ రాని ప్రేమ తప్పుడు లెక్క పట్టుకొని వచ్చిందే అని. నాయన దండ ఎత్తాడు. మెడ వంచితే అయిపోయేది.

"నాయనా, ఆగు. ఆ ఆటలో తక్కువ దెబ్బలు కొట్టినోడే గెలిచేది. నాయి అందరికంటే ఎక్కువ. నేను చివరోణ్ణి."

నాయన దండ పట్టుకొనే అడిగాడు.

"అంటే, పలకరాయి మాదిరేనా?"

"అట్లనే నాయనా."

ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ షెడ్డులో ఆ సంగతి ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో కిసుక్కుమన్నారు. షావుకారు లేచి, "సరే, పనులు చూసుకోండప్పా" అని వెళ్లిపోయాడు. నాయన దండను రాళ్ల మీద పెట్టి, తన చోట కూర్చొని ఉలి అందుకున్నాడు. ఒక దెబ్బ వేశాడు. రాయి విడలేదు. రెండోది వేశాడు. మూడో దెబ్బకు రాయి ముక్కలైంది. ఆయన చేతిలో రాయి పగలటం నేనెన్నడూ చూడలేదు.

పక్కన కూర్చున్నాను. "నాకా ఆట చాతగాలేదు నాయనా. ఉలి ఇయ్యి, ఈడ్నే పని చేసుకుంటా."

ఆయన ముక్కలు ఏరుతూ, నావైపు చూడకుండానే, "ఆ దెబ్బలు ఎవురు లెక్కబెడతారు?" అన్నాడు.

"ఎవురివి వాళ్లే. ఒకటి ఎవురూ చూడలే. నేనే చెప్పుకున్నా."

"చెప్పకుంటే?"

"ఏం కాదు. చివర్న నాకొక జత ఉండేటోడు."

ఆయన ఏరిన ముక్కల్ని మళ్లీ కింద పోశాడు.

"నిన్ను నేను కొట్టిన దెబ్బలు ఎవురూ లెక్కబెట్టలే" అన్నాడు. "నేనూ ఎవురికీ చెప్పుకోలే."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఉలిని కాలి కిందికి జరుపుకున్నాడు.

"ఇది నీకియ్యను. పో. పోయి నీ దెబ్బలు తగ్గించుకో. నాయి తగ్గించుకుందామంటే కాలం దాటిపాయె."

మరునాడు స్టేషన్ దాకా తోడొచ్చాడు. రైలెక్కేదాకా ఆయన నా వీపు మీద చెయ్యి తీయలేదు.