సర్కారువారి దర్వాజ

మా దఫ్తరంలో కట్టడాల కరారునామాలన్నిటికీ ఒకటే నమూనా. హైదరాబాదులో ఉర్దూలో అచ్చయి కట్టలు కట్టలుగా నాగర్‌కర్నూలుకు వచ్చేది. వంతెన కట్టినా, బడి కట్టినా, ఠాణా కట్టినా అదే కాగితం. పని పేరు రాయడానికి కాస్త జాగా వదిలి ఉండేది. ఆ పనికి అక్కర్లేని షర్తులను అడ్డంగా గీత కొట్టేయాలి. ఆ గీతలు కొట్టే మున్షీని నేను. గీతలు తిన్నగా కొడతానని, దస్తూరీ గుండ్రంగా ఉంటుందని నాకు పేరు. తలరాత మీద అదుపు లేనివాడికి చేతిరాత మీదైనా ఉండాలి కదా.

గీతలు కొట్టాక గుత్తేదారును కూర్చోబెట్టి ఆ ఉర్దూని తెలుగులో చదివి వినిపించాలి. తనకు తెలిసే మాటల్లోనే చెప్పారని అతను వేలిముద్ర వేయాలి. సర్కారు మొదటి పక్షం, గుత్తేదారు రెండో పక్షం. నెలకూ రెండు పక్షాలే, కరారుకూ రెండు పక్షాలేనని కొలువులో చేరిన కొత్తలో నాలో నేను నవ్వుకునేవాడిని. ఆ ఏడు భాద్రపదంలో పితృపక్షం వచ్చినప్పుడు మూడోది కూడా ఒకటుందని తెలిసింది. నవ్వు మాత్రం రాలేదు.

నా భార్య ఆ వానాకాలమే పోయింది. అప్పుడు మేము గోపాల్‌పేటలో ఉండేవాళ్లం. కాన్పు కష్టమైతే బండి కట్టించి పాలమూరు దవాఖానకు బయలుదేరాం. బిజినేపల్లి దాటాక వెనకనుంచి మూలుగు వినబడటం మానింది. బండివాడు ఎద్దులను అదిలిస్తూనే ఉన్నాడు. నేను ఆపమనలేదు. కొంతదూరం అట్లాగే పోయాం.

తర్వాత నాగర్‌కర్నూలుకు బదిలీ. కొత్త దఫ్తరంలో నన్ను అడగవలసినవన్నీ అడిగారు. తండ్రి పేరేమిటి, ఉర్దూ ఎక్కడ చదివావు, ఇంతకుముందు ఎవరి చేతికింద పని చేశావు. ఇది అడగడానికి మాత్రం ఏ కాగితంలోనూ జాగా వదిలి లేదు. కాబట్టి నేనూ చెప్పలేదు. చెప్పకపోతే అది జరగలేదని కాదు. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నోటికి తెలిసేది కాదు.

ఎండాకాలం మొదట్లో ఒక నమూనా నా బల్లమీదికి వచ్చింది. పని పేరు దగ్గర 'దవాఖానా, ఆడవారికి వేరే గదితో సహా' అని రాయమన్నారు. రాశాను. లోపల ఏదైనా కదులుతుందేమోనని కలం ఎత్తి పట్టుకుని చూశాను. ఏమీ కదల్లేదు. సిరా ఆరింది. తర్వాతి షర్తుకు పోయాను.

ఆ షర్తే గుత్తేదార్లందరూ చెవులు నిక్కించి వినేది. వానలు పడేలోగా గోడలు లేవాలి; లేవకపోతే జవాబు చెప్పుకోవాలి. రెండు కారణాలకే మాఫీ: ఒకటి ఆస్మానీ, అంటే పైనుంచి వచ్చిపడేది, వరద, కలరా గత్తర వంటివి, రెండోది సుల్తానీ, అంటే ప్రభువుల హుకుం. ఈ రెంటికీ చెందని ఆలస్యం ఏదైనా గుత్తేదారు నెత్తినే.

దవాఖాన పని వనపర్తి నుంచి వచ్చిన గుత్తేదారు పట్టాడు. మంచివాడే, నిలకడ లేదు. పునాది లేచింది, అరుగు పూర్తయింది. ఇక ద్వారబంధం, అదే దర్వాజ, నిలబెడితే దాన్ని పట్టుకుని గోడలు లేస్తాయి. సరిగ్గా అక్కడ పని ఆగింది. ఓవర్సీరు సాబు నన్ను కాగితాలు తీసుకుని రమ్మంటే పోయాను. టేకు దర్వాజ నున్నగా చెక్కి నేలమీద పడుకోబెట్టి ఉంది. పక్కన దాన్ని చెక్కిన ముసలి వడ్లాయన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"దర్వాజ చెక్కుడైపాయె. నిలవెట్టనీకె నీకేం రోగమొచ్చిందే?" గుత్తేదారు అరుస్తున్నాడు.

"రోగం నాకు గాదు పటేలా. ఇంటోళ్లేరి? ఆలుమొగలు పీటల మీద కూసోవాలె. కడపకు పసుపు రాయాలె. కింద నవధాన్యాలు పొయ్యాలె. గప్పుడు నిలవెడ్త."

"ఇది ఇల్లు గాదయ్యా, దవాఖాన!"

"దర్వాజయితె ఉన్నది గద."

"అయితె నేను, నా పెండ్లాం కూసుంటం. తీ ఇగ."

"నువ్వు కట్టెటోనివి. కట్టెటోడు ఇంటోడైతడా? గట్లయితె ఈ పాలమూరు సగం నాదే."

ఓవర్సీరు సాబు హైదరాబాదు మనిషి, పాన్ దవడకు నొక్కుకుని నిదానంగా మాట్లాడేవాడు. "దీనికి మాలిక్ సర్కారు. సర్కారును తెచ్చి పీటమీద కూసోబెట్టాల్నా ఏందయ్యా?"

"కూసోవెట్టుర్రి సాబ్. పెండ్లాంతోని కూసోవెట్టుర్రి."

కూలీలు నవ్వారు. సాబు నావైపు తిరిగాడు. "మున్షీ, నమూనాల దీనికేమన్న షర్తు ఉందా?"

"నదికి వరదొస్తే ఏం చేయాలో ఉంది సాబ్. ఇది లేదు."

"నది యాడుందిక్కడ?"

"లేదు సాబ్. అందుకే గీత కొట్టాను."

వడ్లాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మాకు సర్కారంటె ఎవలు? కాయిదం సదివి ఇనిపిచ్చి ఏలు ముద్దర ఏయించుకున్నాయనే గద. మున్షీసాబే ఇంటాయన. అయ్యా, జర అమ్మను తోల్కరార్రి. జల్ది అయితది."

అందరూ నావైపే చూశారు. ఒక్క మాట చెబితే చాలు. పీటలమీద కూర్చోవడం గురించి నాకు భయం లేదు. ఆ మాట నా నోటితో, మధ్యాహ్నపు ఎండలో, ఇంతమంది ముందు బయటికి రావాలి, అదే భయం.

"ఆమె తల్లిగారిల్లు గద్వాల," అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. షర్తులు చదవగా చదవగా అబ్బిన విద్య అది. తప్పు మాట ఒక్కటీ లేకుండా అసలు మాట దాటేయడం.

గుత్తేదారుకు ఆ మాట చాలింది. నాకు చెప్పకుండా అదే సాయంత్రం బండి కట్టించి గద్వాలకు తోలాడు. మా మామగారు అక్కడ చీరలు నేసేవారు. పేటలో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. మర్నాడు దఫ్తరంలో సాబు సంతోషంగా చెప్పాడు: "పరేషాన్ కాకు మున్షీ. బండి పోయింది."

అప్పటికి బండి కృష్ణ ఒడ్డుకైనా చేరి ఉండదు. మనిషిని పంపితే ఆగేది. నేను సరేనని తలూపి, ఎవరిదో ఠాణా ప్రహరీ కరారు అందుకుని గీతలు కొట్టడం మొదలుపెట్టాను. కరారు రాసేవాడికి కరారు ఉండదని సాబు నన్ను చూసి ఒకసారి ఉర్దూలో చమత్కరించాడు. కరారంటే ఆ భాషలో నెమ్మది కూడా. ఆయన పొరబడ్డాడు. నాకు ఉన్నదంతా నెమ్మదే. ఎద్దు చచ్చిన బండికి ఉండే నెమ్మది.

పని ఆగే ఉంది. కూలీలు అరుగుమీద గీతలు గీసి పులి-మేక ఆడుకునేవారు. పడమట మబ్బులు కమ్మి, ఏమీ కురవకుండా పోయేవి. ఖాళీ బండి తిరిగి రావడం, బండివాడు అందరి ముందూ ఆ వార్త చెప్పడం నేను ఎన్ని విధాలుగా ఊహించుకున్నానో. అన్నిట్లోనూ నేను చేతులు కట్టుకునే నిలబడి ఉండేవాడిని.

ఒకనాడు సాబూ నేనూ పని దగ్గర ఉండగా, పొద్దు నెత్తికెక్కే వేళకు బండి వచ్చింది. ఖాళీగా రాలేదు. ముందు మా మామగారు దిగారు, చంకలో మూటతో. తర్వాత చెయ్యి పట్టుకుని అత్తగారిని దించారు. మగ్గం గుంటలోంచి పండక్కి కూడా లేవని మనిషి ఆయన.

వడ్లాయన బండిలోకి తొంగి చూశాడు. "అమ్మేదయ్యా? దిగలే?"

"నా బిడ్డ పోయిన వానకాలమే చచ్చిపాయె నాయినా," అన్నారు మామగారు.

ఇంత సులువుగా చెప్పవచ్చునని నాకు తెలియదు. గుత్తేదారు రుమాలు తీసి చేతిలో నలిపాడు.

"అయ్యో పెద్దాయనా, నాకు తెల్వదు. మా బండాయనకు జెప్పకపోతిరి? ఉత్తగ ఇంత దూరం..."

"ఆడబిడ్డను తోల్కపోతమని బండొస్తె ఉత్త బండి ఎట్ల తోల్తమయ్యా? మా ఇంట్ల ఎన్నడు తోలలే. ఏరుకు ఇవుతలనే బండి ఆపి, పుట్టిల దాటి వచ్చిండు బండాయన. 'దవాఖానకు దర్వాజ నిలవెడుతున్నరు, అమ్మను రమ్మన్నరు' అన్నడు. మా ఇంటిది అంగి తొడుక్కో అన్నది, తొడుక్కున్న. వచ్చినం."

"యాడ పోయింది బిడ్డ?" వడ్లాయన అడిగాడు.

"దవాఖానకు పోంగ. బండ్లనే. బిజినేపల్లి అవుతల."

వడ్లాయన బిజినేపల్లి దిక్కు చూశాడు. తర్వాత దర్వాజ దిక్కు చూశాడు. "అంటె ఇది ఉండుంటె..." బీడీ ఆర్పేశాడు.

"మున్షీసాబు కూసోగూడదు," అన్నాడు. "ఇంక ఏడాది ఎల్లలే. మీకైతె మైల లేదు. పెండ్లయిన బిడ్డది తల్లిగారికి మూడు దినాలే. పీటలెయ్యిర్రిరా. మీరు కూసోర్రి."

"మాదేముందయ్యా దీంట్ల?" అన్నారు మామగారు.

"ఎవలదన్న ఏముంది మరి? ఈ సాబుదున్నదా? కూసోర్రి."

వాళ్లు కూర్చున్నారు. అత్తగారు గడపకు పసుపు రాసిన తీరు చూస్తే ఇంట్లో రాసినట్టే ఉంది, మూలలు కూడా వదల్లేదు. మామగారు మూట విప్పి, మగ్గం మీదినుంచి కోసి తెచ్చిన పచ్చని గుడ్డముక్క వడ్లాయనకిచ్చారు, పైకమ్మికి కట్టమని. కూలీలు అటొకరు ఇటొకరు పట్టి ఎత్తారు. దర్వాజ నిలబడింది. గుత్తేదారు కొబ్బరికాయ కొట్టాడు, అది వంకరగా పగిలింది.

నేను కాగితాలు తీశాను. పని ఆగినందుకు కారణం రాయాలి.

"సాబ్, ఏం రాయమంటారు? ఇంటోళ్లు లేక అని రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు."

సాబు పాన్ ఉమ్మేసి, పీటలమీది ముసలివాళ్లను చూశాడు. "ఆస్మానీ రాయ్ మున్షీ," అన్నాడు.

రాశాను. దస్తూరీ ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

అత్తగారు లేచి చీర దులుపుకున్నారు. "అల్లుడా, ఆడోళ్లను పండవెట్టే అర్ర ఏది?"

"ఆ పక్క, అత్తా." అరుగు అవతలి మూల చూపించి, నేను పక్కనుంచి నడవబోయాను. చుట్టూ గోడ అన్నది లేదు. పొద్దుటినుంచి అందరం ఎటుపడితే అటే ఎక్కి దిగుతున్నాం.

"ఏంది, దొంగోని లెక్క అట్ల పోతవు? దర్వాజ వెట్టినంక దర్వాజల కెల్లే రావాలె," అని ఆమె కొంగు నడుముకు చుట్టి, పసుపు తొక్కకుండా గడప దాటి, అవతల నిలబడి నాకోసం చూశారు.

కాగితాలు గుత్తేదారు చేతికిచ్చాను. తల కాస్త వంచి, ఆమె వెనకాలే గడప దాటాను.