అరిగిన జత

రెయినేరియో చేతిలో పడ్డ ఇనుప ముక్క ఓ పట్టాన చెత్తలోకి పోయేది కాదు. సాంతియాగో కొండవీధుల్లో తిరిగే పాత అమెరికా కార్ల గేరుబాక్సుల్లో సగానికి పైగా అతని బల్ల మీద విప్పి బిగించినవే. కొత్త సామాను ఓడ దిగిన రోజులు అతని తండ్రితోనే పోయాయి. కాబట్టి అరిగినదాన్ని మళ్ళీ వాడాలా వద్దా అన్నది మా ఊళ్ళో ప్రశ్నే కాదు. ఎంతవరకు అరిగినదాన్ని వాడొచ్చు అన్నదే ప్రశ్న. రెయినేరియో కళ్ళు మూసుకుని, గేరు చక్రం పళ్ళను ఒక్కొక్కటిగా బొటనవేలి గోటితో తడిమేవాడు. నడుస్తుందంటే నడిచేది. వద్దంటే, ఎంత బతిమాలినా వద్దే.

అటువంటివాడు ఏడాదిగా పని ముట్టుకోలేదు. దానికి కారణం ఎవుదాల్దో.

ఎవుదాల్దో అతనికి కొంపాద్రే. అంటే, రెయినేరియో కూతురి జ్ఞానస్నానం నాడు బిడ్డను చేతుల్లోకి తీసుకుని పూచీ పడ్డవాడు. మాలో ఆ వరస తోడబుట్టినవాడికన్నా ఒక మెట్టు ఎక్కువే. యాభై రెండో సంవత్సరపు షెవ్రోలే ఒకటి పెట్టుకుని, కోబ్రే కొండదారిలో చర్చికి మొక్కులు తీర్చుకోవడానికి వెళ్ళే జనాన్ని తిప్పి బతుకుతాడు. కిందటేడు ఆ కారు రెండో గేరు చక్రాల జత బాగా అరిగిపోతే, రెయినేరియో గోటితో తడిమి పనికిరాదన్నాడు. అని ఊరుకోలేదు. తండ్రి నాటి జతను గ్రీజు పూసి, గుడ్డలో చుట్టి ఎన్నో ఏళ్ళుగా మంచం కింద దాచుకుని ఉన్నాడు. ఎవరడిగినా ఇవ్వని ఆ జతను తీసి కొంపాద్రే కారుకి బిగించాడు. "నన్నైనా ఎవరికన్నా ఇచ్చేస్తాడు గానీ అవి ఇవ్వడనుకున్నాను" అని నవ్వింది అతని భార్య నీదియా.

కొన్నాళ్ళు తిరక్కుండానే గేరు నిలబడటం లేదని కబురొచ్చింది. పల్లంలో రెండో గేరు వేస్తే దానంతటదే న్యూట్రల్‌కి జారిపోతోందట. విప్పి చూస్తానని రెయినేరియో ఎన్నిసార్లు అడిగినా ఎవుదాల్దో తీరిక లేదనేవాడు. పైగా డామినో ఆట బల్ల దగ్గర అందరి ముందూ భుజం తట్టి క్షమించాడు కూడా.

"పోన్లే కొంపాద్రే, వయసు మీద పడుతోంది. నీ వేలు మొద్దుబారితే అది నీ తప్పా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రెయినేరియో కూడా నవ్వాడు. ఇంటికెళ్ళి చాలాసేపు తన వేలికేసి చూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరు గేరుబాక్సు తెచ్చినా ఏదో ఒక వంక చెప్పి పంపేశాడు. సొంత చేతి మీదే నమ్మకం లేనివాడు పైవాళ్ళ ప్రాణాలకు ఎలా పూచీ పడతాడు? నీదియా ఇరుగుపొరుగుల బట్టలు కుట్టి సంసారం లాక్కొచ్చింది.

మొన్న వానలో కోబ్రే కొండ దిగుతుంటే గేరు జారి, బ్రేకులు పట్టక, షెవ్రోలే ఒక జామతోట కంచెను గుద్దుకుని ఆగింది. ఎక్కినవాళ్ళకి దెబ్బలు తగల్లేదు గానీ ఎవుదాల్దో నుదురు చిట్లింది. అతను ఆసుపత్రిలో కుట్లు వేయించుకుంటుండగా, ఎవరు చేసిన పని వాళ్ళ గుమ్మానికే అని జనం కారును తాళ్ళతో లాక్కొచ్చి రెయినేరియో ఇంటి ముందు వదిలారు. తన పాపాన్ని తన ముందే పెట్టారనుకుంటూ రెయినేరియో బాక్సు మూత విప్పాడు.

గోటితో మొదటి పన్ను తాకాడు, రెండోది తాకాడు. మూడోదాని అంచు ఎప్పుడో విరిగితే ఆకురాయి పట్టి నున్నగా చేసినట్టుంది. ఆ ఆకురాయి పట్టింది తనే, చాలా ఏళ్ళ కిందట. ఇవి తండ్రి చక్రాలు కావు. పనికిరాదని తను తీసి పక్కన పెడితే, ఇనుమే కదా అని ఎవుదాల్దో పట్టుకుపోయిన పాత జతే ఇది.

ముందు పట్టరాని సంతోషం కలిగింది. తన చేయి తప్పలేదు. నీదియాను పిలవబోయి ఆగిపోయాడు. తన చేయి తప్పకపోతే మరి తప్పిందెవరు? చూపు కారు ముందు భాగం మీదికి పోయింది. సొట్ట పడ్డా ధగధగలాడే ఆ క్రోమియం జాలీ కిందటేడు, తను గేరు బిగించిన కొన్నాళ్ళకే వచ్చింది. తండ్రి జత దేనికి మారకం పోయిందో అప్పుడు తెలిసింది. పైన పటారం, లోన లొటారం. జాలీ బాగుందని మెచ్చుకున్నది కూడా తనే. ఆ జతను బాక్సులోంచి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. అతని బాధ చక్రాలు పోయినందుకు కాదు. తను చేతకానివాడినైపోయానని ఏడాది పొడుగునా కుమిలిపోతుంటే, నిజం తెలిసినవాడు ఎదురుగా కూర్చుని తన ఇంట్లో కాఫీ తాగాడు.

సాయంత్రం ఎవుదాల్దో నుదుటికి పట్టీతో వచ్చాడు. విప్పిన బాక్సును చూసి గుమ్మంలోనే ఆగాడు. అబద్ధమాడలేదు, ఆ మాట చెప్పుకోవాలి. కారు అందంగా ఉంటేనే పెళ్ళిళ్ళకి పిలుస్తారని, పాత జత ఇంకొంతకాలం లాగుతుందనుకుని ఊరవతల ఎవరి చేతనో మార్పించానని, చెబుదామనుకుంటూనే రోజులు గడిచిపోయాయని ఏకరువు పెట్టాడు.

"మరి నా వేలు మొద్దుబారిందని ఎందుకన్నావు?" అని అడిగాడు రెయినేరియో.

"ఏదో ఒకటి చెప్పాలిగా. నువ్వంత నమ్మేస్తావనుకోలేదు, కొంపాద్రే."

కొంపాద్రే మాట కాక ఇంకెవరి మాట నమ్ముతాడు? రెయినేరియో గుడ్డ తీసుకుని ఆ చక్రాల మీది గ్రీజు తుడవసాగాడు. అది చూసి ఎవుదాల్దోకి ధైర్యం వచ్చింది. బల్ల దగ్గరికొచ్చి, అరిగిన పళ్ళ మీద వెల్డింగు పోసి, ఆకురాయి పట్టి, అవే మళ్ళీ బిగించమన్నాడు. అలా చేస్తే కొన్నాళ్ళు నడుస్తాయని రెయినేరియోకి తెలుసు. ఇంతకన్నా అరిగినవాటిని నిలబెట్టినవాడే. కానీ వానలో, ఆ పల్లంలో, నిండా జనంతో? మళ్ళీ ఒకసారి గోరు ఆనించి చూశాడు. పనికిరావన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకొకడు బిగిస్తాడు."

అదీ నిజమే. మా ఊళ్ళో ఇనుము పారేసినవాడు లేడు. వంగిన మేకుని కూడా సాపు చేసి దాచుకుంటాం. రెయినేరియో చక్రాన్ని దాగలి మీద పెట్టి సమ్మెట ఎత్తాడు. చప్పుడుకి నీదియా లోపలి నుంచి వచ్చేసరికి పళ్ళు విరిగి నేల మీద పడి ఉన్నాయి. ఒక విడిభాగాన్ని అతను చేతులారా విరగ్గొట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చెంపల మీద కారుతున్న నీళ్ళు తుడుచుకోను కూడా లేదు.

ఎవుదాల్దో అలవాటు కొద్దీ వంగి ఆ ముక్కలు ఏరబోయాడు.

"వదిలేయండి" అన్నాడు రెయినేరియో. "మీరిక వెళ్ళండి, సెన్యోర్."

దొంగా అని తిట్టి ఉంటే ఎవుదాల్దో పడి ఊరుకునేవాడేమో. కొంపాద్రే అనాల్సిన చోట పరాయివాళ్ళనే ఆ 'సెన్యోర్', ఆ 'మీరు' చెవిన పడ్డాక, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.