ఇరవై ఒకటి నిండని ఆర్షియా

నంద్యాలలో తుపాకీల కొట్టు నడిపే ఓంప్రకాష్ లైసెన్సు పుస్తకం తిరగేసి, ఎదురుగా నిలబడ్డ అమ్మాయి వంక చూశాడు.

"వయసెంతమ్మా?"

"ఇరవై" అంది ఆర్షియా.

ఆయన పుస్తకం మూసి వెనక్కి తోశాడు. అందులో ఫొటో ఆమె నాయన నూర్ బాషాది. ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అంచులో వాళ్ల మొక్కజొన్న చేను. గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీతో ఆయన అడవిపందులను బెదరగొట్టేవాడు. ఎండాకాలంలో గుండె ఆగి పోయాడు. కంకులు పాలుపోసుకునేసరికి పందులు మందలుగా దిగాయి. చేను చూసుకోవడానికి మిగిలింది ఆర్షియా, తల్లి మస్తాన్‌బీ. ఇంట్లో తుపాకీ మందు అడుగంటిందని, కొనేందుకు చిన్నాయన హబీబ్‌ను వెంటబెట్టుకుని ఆర్షియా వచ్చింది.

హబీబ్ ఊరుకోలేదు. "ఓటుకు పద్దెనిమిది చాలు, పెండ్లికీ చాలు. పందిని అదిలించేదానికి చాలదా అన్నా?"

"చాలదప్పా. ఇరవై ఒకటి నిండల్ల. నిండినా పాప పేరుతో కొత్త లైసెన్సు రావల్ల. ఇది మీ అన్నది, ఆయనతోనే పోయె." ఓంప్రకాష్ గొంతు తగ్గించాడు. "ఆ తుపాకీ యాడుండాది?"

హబీబ్ ఆర్షియా వంక చూశాడు.

"ఇంట్లోనేనా? లైసెన్సు లేనోళ్లు పెట్టుకుంటే జైలే. మీరే మోసకపోయి ఇచ్చినా తప్పే. స్టేషన్‌కు ఫోన్ చెయ్యండి, వాళ్లే వచ్చి తీసకపోతారు. బేగా చెయ్యండి."

తిరుగు బస్సులో హబీబ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ప్యాపిలిలో నాకు తెలిసినోడుండాడు. కుందేళ్లు కొట్టుకుంటాడు. వానికిచ్చి, పోయిందని చెప్దాం."

"వాడు రేపు మనిషిని కాలిస్తే ఎవురి పేరొస్తాది చిన్నాయనా? నాయన పేరే గదా."

ఆమె అక్కడికక్కడే స్టేషన్‌కు ఫోన్ చేసింది. హెడ్ కానిస్టేబుల్ సంజీవయ్య విన్నాడు. "ఎవురూ ముట్టుకోవద్దండి, వస్తాండాం" అన్నాడు. ఇంక భయం లేదనుకుంది ఆర్షియా.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. గోడ మీద కొక్కెం ఖాళీగా ఉంది. అటక మీది మందు డబ్బా నేల మీద బోర్లా పడి ఉంది.

ఆర్షియా చెప్పులు విడిచి చేను వైపు పరుగెత్తింది. హబీబ్ ఆయాసపడుతూ వెనకబడ్డాడు.

గట్టు మీద మస్తాన్‌బీ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. తుపాకీ భుజానికి ఆనించుకుంది. భర్త చేసేది ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్నట్టే కళ్లు చికిలించింది. ఎదుట మొక్కజొన్న కదులుతోంది.

"అమ్మా!"

"గమ్మునుండు. పంది."

ఆకుల మధ్య ఎర్రటి గుడ్డ మెరిసింది. దాని పక్కనే కొడవలి. పెద్దగా అరిస్తే తల్లి వేలు అదురుతుందేమో! ఆర్షియా నోరు బిగబట్టి, వెనక నుంచి వంగి, అరచేత్తో గొట్టాన్ని పైకి నెట్టింది.

తుపాకీ పేలింది. పొగ. చేనులోంచి కేక.

పొగ విడిపోతుంటే గడ్డిమోపు పారేసి లూదియా బయటికొచ్చింది. బర్రెకు గడ్డి కోసుకునే పక్కవీధి మనిషి. ఒళ్లంతా తడుముకుంటోంది, దెబ్బ ఎక్కడా లేదు. మస్తాన్‌బీ తుపాకీ వదిలేసి నేల మీద చతికిలపడింది. "నేను పందనుకుంటి తల్లీ... పందనుకుంటి..." అదే మాట పదే పదే.

అంతలో జీపు వచ్చింది. సంజీవయ్య గట్టెక్కి ముక్కు ఎగబీల్చాడు. మందు వాసన ఇంకా పోలేదు.

"ఎవురు పేల్చినారు?"

"టపాసు సార్" అన్నాడు హబీబ్.

ఆర్షియా తల్లి వైపు చూసింది. నిజం చెబితే తల్లికి కేసు. అబద్ధం చెబితే, ఎదురుగా నిల్చున్న లూదియా ముఖంలోకి ఎలా చూడాలి?

"టపాసు కాదు సార్. మా నాయన తుపాకీ. అమ్మ పేల్చింది. నేను గొట్టం పైకెత్తితి."

కేసు అయింది. హబీబ్ ఆమెతో మాటలు మానేశాడు. "కన్నతల్లిని పట్టిచ్చింది" అని ఊళ్లో అన్నారు. అన్నవాళ్లలో మస్తాన్‌బీ మాత్రం లేదు. కోర్టులో లూదియా బోనెక్కి ఉన్నదే చెప్పింది. "నన్ను కాల్చాలని కాల్చలేదయ్యా. పందనుకునింది. ఆ పిల్ల లేకపోతే నేనీడ నిలబడేదాన్ని కాదు." జడ్జిగారు మస్తాన్‌బీని మందలించి, జరిమానా వేసి వదిలిపెట్టారు.

ఇరవై ఒకటి నిండాక ఆర్షియా తన పేరుతో లైసెన్సుకు పెట్టుకుంది. ఇంట్లో ఒకసారి కేసైందని నంద్యాల కలెక్టరు ఆఫీసులో తిరగ్గొట్టారు. ఆ రోజు బస్సులో ఏడ్చింది. మర్నాడు పాత చీరలు పోగుచేసి చేను చుట్టూ దడి కట్టింది, సగం లూదియావే. ఇద్దరూ మంచె మీద వంతులేసుకుని డబ్బా కొడతారు. పందులు కొంత తింటాయి, కొంత మిగులుతుంది. మళ్లీ అర్జీ పెట్టుకోవాలని ఆర్షియా అనుకుంటోంది.

మస్తాన్‌బీ కూడా చేనుకు వస్తుంది. ఆకు కదిలితే చాలు, ఆగిపోయి గట్టిగా అడుగుతుంది:

"ఎవురమ్మా ఆడ?"